ఇల్లు లేని పిల్లల వేసవి క్యాంపుకి వాలంటీర్‌గా వెళ్లేముందు

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నానని, మే నెలలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఇల్లు లేని పిల్లల వేసవి క్యాంపులో పదిహేను రోజులు పనిచేయబోతున్నానని రాశావు. స్పోకెన్ ఇంగ్లిష్, డ్రాయింగ్ నేర్పి, చివరి రోజు కల్చరల్ ప్రోగ్రాం పెట్టాలన్నది మీ ప్లాన్. ఇంకా ఏం సిద్ధం చేసుకోవాలి, ఆ పిల్లలతో ఎలా మెలగాలి, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది అన్నావు. నేను నల్గొండ వైపు ప్రభుత్వ బడుల్లో టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా మొదలుపెట్టిన ఈ క్యాంపుల పని ఇప్పటికీ మానలేదు. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు బిడ్డా.

మొదట క్యాంపు ఎందుకు పెడతారో మనసులో పెట్టుకో. మన తెలంగాణలో కొన్నేళ్లుగా జూన్ 12న బడులు తెరుస్తున్నారు. ఆ రోజు క్యాంపుకు వచ్చిన ప్రతి పిల్లా ఏదో ఒక తరగతి గదిలో కూర్చుని ఉండాలి, రాత్రికి పడుకోవడానికి నమ్మకమైన చోటు ఉండాలి. క్యాంపు పని అదే. మీ ఆటలు, పాటలు, ఇంగ్లిష్ అన్నీ దానికి సాయపడాలి. ఇది కొత్త ఆలోచన కాదు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లలను క్యాంపుల్లో ఉంచి, చదువు అందేలా చేసి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. ఆ క్యాంపులకు బ్రిడ్జి కోర్సులని పేరు. పిల్లవాడు అవతలి ఒడ్డుకు చేరాలి, వంతెన మీదే ఉండిపోకూడదు.

ఇల్లు లేని పిల్లలు అనగానే అందరూ ఒకే రకం అనుకుంటాం. నీ క్యాంపులో కనీసం మూడు నాలుగు రకాలు కనిపిస్తారు. ఇంట్లో దెబ్బలు పడలేకో, నాన్న తాగుడు భరించలేకో రైలెక్కి వచ్చి స్టేషన్‌లో ఒంటరిగా ఉండేవాళ్లు కొందరు. అమ్మానాన్నలతోనే ఉంటారు కానీ ఊరి చివర గుడారమే ఇల్లయినవాళ్లు కొందరు, బుడగ జంగాల పిల్లలు, గంగిరెద్దుల వాళ్ల పిల్లలు అలా వస్తారు. పాలమూరు (మన మహబూబ్‌నగర్) వలస గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు పనులకు పోతే ముసలవ్వ దగ్గర మిగిలి, ఆ అవ్వ పోయాక రోడ్డున పడ్డవాళ్లు ఉంటారు. ఇటుక బట్టీల పిల్లలూ రావచ్చు. ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు వానలు పడేముందు తిరిగి వెళ్లిపోతాయి. వాళ్లకు ఇక్కడ బడిలో సీటు కన్నా అక్కడి బడిలో చూపించడానికి ఒక కాగితం ముఖ్యం, ఇన్ని రోజులు ఇక్కడ ఇది చదివాడని.

కాబట్టి ఎవరిని ఎక్కడ చేర్చాలో తెలియాలంటే ఎవరు ఎక్కడి వాళ్లో తెలియాలి. క్యాంపులో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. మీలాంటి చిన్న వయసు వాలంటీర్లు మా కన్నా బాగా చేయగలిగేదీ ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను.

ఒంటరిగా తిరిగిన పిల్లలు మొదటి రోజు చెప్పే పేరు చాలాసార్లు నిజం పేరు కాదు. ఊరు అసలే చెప్పరు. అబద్ధాలకోరులని అనుకోకు. నిజం చెప్తే పోలీసులు మళ్లీ ఆ ఇంటికే పంపుతారని భయం. ఇన్‌చార్జ్‌లు కాగితం పట్టుకుని కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. నువ్వు వాళ్ల పక్కన కూర్చుని కచ్చకాయలు ఆడుతుంటేనో, పేలు చూస్తుంటేనో, అంట్లు కడుగుతుంటేనో మాట దానంతటదే వస్తుంది. అప్పుడు కూడా ‘మీ ఊరేది’ అని అడగొద్దు. జాతర గురించి అడుగు. ఏ జాతరకు పోయేవాళ్లు, ఎట్ల పోయేవాళ్లు, అక్కడ ఏం కొనుక్కున్నావు అని. కురుమూర్తి జాతర అంటే చిన్నచింతకుంట చుట్టుపక్కల, మన్యంకొండ అంటే మహబూబ్‌నగర్ దగ్గర, చెర్వుగట్టు అంటే నార్కట్‌పల్లి వైపు, పెద్దగట్టు అంటే సూర్యాపేట వైపు, సలేశ్వరం అంటే నల్లమల అంచు. జాతరకు నడిచి పోయేవాళ్లమంటే ఊరు దగ్గర్లోనే ఉందన్నమాట. బస్సులో అయితే ఆ బస్సు మీద ఏం రాసి ఉండేదో అడుగు. చదువు రాని పిల్లలకు కూడా కండక్టర్ అరిచే ఊళ్ల పేర్లు వరుసగా గుర్తుంటాయి. కల్వకుర్తి, దేవరకొండ, మల్లేపల్లి అని గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్ల ఏ దారిలోదో వెతకడం ఏమంత కష్టం?

యాస కూడా పట్టిస్తుంది. మాటల్లో కన్నడం కలిస్తే నారాయణపేట, మక్తల్ వైపు చూడాలి. నిద్రలో లంబాడీ మాట్లాడితే తండా పిల్ల అని తెలుస్తుంది. ఇంకో చిక్కు ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ చాలా వరకు ఇప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలైంది, 2019లో నారాయణపేట వేరే అయింది. పిల్లవాడు పాలమూరు అన్నాడని మహబూబ్‌నగర్ అని రాస్తే ఫైలు ఒక జిల్లా ఆఫీసులో, కుటుంబం ఇంకో జిల్లాలో ఉంటాయి. మండలం పేరు తెలిసేదాకా వెతుకుతూనే ఉండాలి.

తెలిసిన ముక్కను ఆ రోజే తారీఖు వేసి పుస్తకంలో రాసి ఇన్‌చార్జ్‌కి ఇవ్వు. పిల్లల ముందు రాయొద్దు. నలుగురిలో ‘ఓహో, నీది అచ్చంపేటనా’ అని బయటపెట్టొద్దు. మర్నాడు మాట మారిస్తే నిలదీయకు, మారిన మాట కూడా రాసుకో. నాలుగు మాటల్లో రెండు కలిసేచోట నిజం దొరుకుతుంది.

ఇంత నమ్మకం ఎలా వస్తుందని అడుగుతావు. ముద్దు చేస్తే రాదు. మొదటి రోజే ఒళ్లో కూర్చోబెట్టుకుని, చాక్లెట్లు పంచి, అక్కా అని పిలిపించుకుని, పదిహేనో రోజు ఏడుస్తూ వెళ్లిపోయే వాలంటీర్లు చాలామంది వస్తారు. వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ పిల్లలను వదిలేసి వెళ్లినవాళ్ల లెక్కలో ఇంకొకరు పెరుగుతారు. నువ్వు ఎన్ని రోజులు ఉంటావో మొదటి రోజే చెప్పు. గోడ మీద క్యాలెండర్‌లో నువ్వు వెళ్లే తారీఖు చుట్టూ గీత గీసి చూపించు. పొద్దున ఆరున్నరకు వస్తానంటే ఆరున్నరకే రా. సాయంత్రం చిర్రగోనె ఆడదామంటే ఎంత అలసటగా ఉన్నా ఆడు. ‘రేపు చూద్దాం’ అనే మాట ఆ పిల్లలు ఎంతమంది నోట విన్నారో, ఆ రేపు ఎన్నిసార్లు రాలేదో మనకు తెలియదు. చేయగలిగిందే చెప్పు. మీ ఇంటికి తీసుకెళ్తానని, చదివిస్తానని, ఫోన్ కొనిస్తానని ఒక్క మాట కూడా జారకు. నీ ఫోన్ నంబర్ ఇవ్వొద్దు. అందరికీ నేర్పాల్సిన నంబర్ 1098, పిల్లల హెల్ప్‌లైన్. ఏ ఫోన్ నుంచైనా ఫ్రీగా, రాత్రీ పగలూ పలుకుతుంది. దాన్ని పాట కట్టి నోటికి పట్టించండి.

తల నిమరడం, భుజం మీద చెయ్యి వేయడం లాంటివి కూడా పిల్లవాడు ముందు దగ్గరికి వస్తేనే. చెయ్యెత్తితే తల దాచుకునే పిల్లలు ఉంటారు. మీలో అబ్బాయిలు ఎవరూ, ఎంత మంచివాళ్లయినా, ఆడపిల్లలతో గానీ మగపిల్లలతో గానీ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. అమ్మాయిలకూ అదే రూలు. స్నానాలు, బట్టలు మార్చడం క్యాంపు ఆయమ్మల పని.

ఇక తిండి. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం దొరుకుతుంది, ఎండాకాలం సెలవుల్లో అది ఆగిపోతుంది. 2016లో కరువు వచ్చినప్పుడు సుప్రీం కోర్టు తెలంగాణతో సహా కరువు రాష్ట్రాల్లో సెలవుల్లోనూ పెట్టమని ఆదేశించాల్సి వచ్చింది. గుడారాల పిల్లలు క్యాంపుకు రావడానికి సగం కారణం అన్నమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి రోజుల్లో కొందరు కడుపు పట్టనంత తింటారు. కొందరు గుడ్డును జేబులో, చపాతీని దిండు కింద దాస్తారు. తిట్టొద్దు, అందరి ముందు బయటికి తీయొద్దు. మళ్లీ ఎప్పుడు పెడతారో చెప్పి, ఆ టైముకు పెట్టాలి, అంతే. రోజూ ఒకే వేళకు పప్పుచారు, గుడ్డు, సాయంత్రం బొబ్బెర గుడాలో పల్లిపట్టీనో వస్తుంటే ఆ దాచుకోవడం నెమ్మదిగా తగ్గిపోతుంది. చీమలు పట్టినవి మాత్రం వాళ్లు లేనప్పుడు తీసి, కొత్తది పెట్టు. మీరు పిల్లలతో పాటే నేల మీద కూర్చుని అదే అన్నం తినండి. వాలంటీర్లకు వేరే బిర్యానీ ప్యాకెట్లు తెప్పించిన క్యాంపులు చూశాను, అది ఎంత తప్పో చెప్పలేను.

మే నెల నల్గొండ, మహబూబ్‌నగర్ ఎండ నీకు కొత్త కాదు, 44, 45 డిగ్రీలు చూస్తూనే ఉంటాం. బయటి ఆటలన్నీ పొద్దున పదింటిలోపు, మళ్లీ ఐదు దాటాక. నడిమధ్యాహ్నం నీడలోనే. ప్రతి గంటకూ నీళ్లు తాగించాలి, అడిగితేనే ఇస్తామంటే ఆటలో పడి అడగరు. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు. దాన్ని గ్లాసులో కలిపి ఇవ్వొద్దు. ఒళ్లు కాలిపోతూ, పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు క్యాంపు అయితే బోరు నీళ్లు తాగడానికి వాడొద్దు, ఆ నేలలో ఫ్లోరైడ్ ఉంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి ఉంచండి.

గజ్జి ఒక్కరికి కనిపించినా డాక్టర్‌ను అడిగి ఆ గదిలో పడుకునే అందరికీ ఒకే రాత్రి మందు పూయాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఒక్కరికే పూస్తే వారంలో మళ్లీ అందరికీ అంటుకుంటుంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే అలవాటున్న పిల్లలు మొదటి వారం చిరాకుగా ఉంటారు, కొట్లాడతారు, పారిపోవాలని చూస్తారు. వాళ్ల సంగతి డాక్టర్‌కు, ఇన్‌చార్జ్‌కి వదిలెయ్. నువ్వు చేయాల్సింది ఎదురు అరవకపోవడం.

చదువు సంగతి. స్పోకెన్ ఇంగ్లిష్ పక్కన పెట్టండి. పన్నెండేళ్ల పిల్లకు ‘అ’ రాదు అంటే, జూన్‌లో ఏడో తరగతిలో కూర్చున్నప్పుడు తన పేరు తాను రాసుకోవడం, బోర్డు మీద నాలుగు మాటలు చదవడం కావాలి. అది రాకపోతే సిగ్గుతో వారంలోపే బడి మానేస్తుంది. అక్షరమాల మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆ పిల్ల పేరుతో మొదలుపెట్టు. పేరులోని అక్షరాలతోనే ఇంకో పది మాటలు రాయించు. బస్సు బోర్డులు, కిరాణా కొట్టు బోర్డులు, బిస్కెట్ కవర్లు చదివించు. లెక్కల్లో మాత్రం ఈ పిల్లలు నిన్ను ఆశ్చర్యపరుస్తారు. రైల్లో పల్లీలు అమ్మిన పిల్లవాడు వంద నోటుకు చిల్లర కళ్లు మూసుకుని ఇస్తాడు, కాగితం మీద 100లోంచి 35 తీసివేయమంటే భయపడతాడు. నోటితో చేసిన లెక్కనే కాగితం మీద ఎలా రాస్తారో చూపించు. తనకు లెక్కలు ముందే వచ్చని తెలిసిన క్షణం ఆ ముఖం చూడు. డ్రాయింగ్ ఉంచండి, చాలా మంచిది. ‘మీ ఇల్లు గీయి’ అని మాత్రం అడగొద్దు.

కల్చరల్ ప్రోగ్రాం వద్దని నా గట్టి అభిప్రాయం. ఆఖరి నాలుగు రోజులూ స్టెప్పుల ప్రాక్టీసుకే పోతాయి. బాగా ఆడేవాళ్లు ముందుకొస్తారు, మిగతావాళ్లు మూలన కూర్చుంటారు. అతిథులు వచ్చి పండ్లు పంచుతూ ఫొటోలు దిగుతారు. ఆ నాలుగు రోజులూ అడ్మిషన్ల పనికి కావాలి. పిల్లలు ఆడిపాడాలంటే రోజూ సాయంత్రం ఆడొచ్చు, చూడ్డానికి బయటివాళ్లు ఎందుకు? అందరినీ ఒక పూట మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికో, నల్గొండ దగ్గరి పానగల్లు గుళ్లకో తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోగా వచ్చేయండి.

ఫొటోల గురించి సూటిగా చెప్తాను. ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో పిల్లల ముఖం, పేరు, క్యాంపు చిరునామా ఏదీ పెట్టకూడదు. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచు, ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చిందో ఆ ఇంటివాళ్లకు నీ ఫొటో దారి చూపించవచ్చు.

ఏదో ఒక రోజు ఒక పిల్లో పిల్లవాడో తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని నీతో చెప్పొచ్చు. ఎక్కువగా రాత్రి పడుకునేముందు చెప్తారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయమంటారు. ఒట్టు వేయకు. ‘నువ్వు చెప్పడం మంచి పని, నీ తప్పేం లేదు, నీకు సాయం చేయగలిగిన వాళ్లకే చెప్తాను’ అను. పదే పదే అడగొద్దు, వివరాలు రాబట్టొద్దు. తను అన్న మాటలను తన మాటల్లోనే రాసి ఆ రాత్రికే ఇన్‌చార్జ్‌కి చెప్పు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. క్యాంపు పేరు పోతుందని ఇన్‌చార్జ్ వెనకాడితే నువ్వే 1098కి గానీ పోలీసులకు గానీ ఫోన్ చేయి.

చేరేముందు క్యాంపు వాళ్లను ఒక్క మాట అడుగు, పిల్లలు రాత్రి ఉంటారా, పగలు మాత్రమేనా? తల్లిదండ్రుల దగ్గరున్న పిల్లలకు పగటి క్యాంపు వేరు సంగతి. ఒంటరి పిల్లలను రాత్రి ఉంచుకునే సంస్థకు బాల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అలాంటి పిల్ల దొరికితే 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఎంత మంచి ఉద్దేశమైనా ఆ దారి తప్పకూడదు. దీనికి సరిగా జవాబు చెప్పని చోట చేరకు.

ఇప్పుడు అడ్మిషన్లు. మీ ముగ్గురిలో కాగితాల పని ఇష్టమున్న ఒకరు పూర్తిగా దీని మీదే ఉండండి. ఆధార్ లేదని, టీసీ లేదని, వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోం అంటే ఊరుకోవద్దు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వయసు రుజువు లేదన్న కారణంతో సీటు నిరాకరించకూడదు, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ విద్యాలయాలు ఉన్నాయి, చదువు మానేసిన పిల్లలకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు వాటిలో ముందు చోటిస్తారు. మగపిల్లల విషయంలోనే తిప్పలు. గురుకులాల్లో ఐదో తరగతికి ఎంట్రన్స్ పరీక్ష ఉంటుంది, మనం క్యాంపు పెట్టేసరికి అది అయిపోయి ఉంటుంది. అందుకని వాళ్లకు సంక్షేమ హాస్టల్, దాని పక్కన బడి చూసుకోవాలి. జూన్ మొదట్లో బడిబాటలో టీచర్లే పిల్లలను వెతుక్కుంటూ తిరుగుతారు. వాళ్లను క్యాంపుకే పిలిస్తే సగం పని అక్కడే అయిపోతుంది. భర్త పోయిన తల్లో, మేనత్తో పిల్లను ఉంచుకోవడానికి సిద్ధంగా ఉండి, డబ్బులకే ఇబ్బంది అయితే కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు వచ్చే వీలుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించండి.

సంచిలో ఏం తెచ్చుకోవాలన్నావు. కాటన్ బట్టలు, గోళ్ల కత్తెర, దువ్వెనలు, దారం సూది, గోటీలు, రబ్బరు బంతులు, గీతల్లేని నోటు పుస్తకాలు చాలు. బంగారం, ఖరీదైన ఫోన్ ఇంట్లో పెట్టి రా.

పదిహేను రోజులు అయ్యాక ఏం చేయాలో నువ్వు అడగలేదు, నేనే చెప్తాను. జూన్‌లో చేరిన పిల్లలు మొదటి నెల తట్టుకుంటే చాలా వరకు నిలబడతారు. మళ్లీ జారిపోయేది దసరా సెలవులకు. హాస్టల్ మూసేస్తారు, అందరి అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్తారు, వీళ్లకు ఎవరూ రారు. సంచి పట్టుకుని బస్టాండ్‌కు వస్తారు, అక్కడి నుంచి స్టేషన్, పాత స్నేహితులు. నువ్వు ఉండేది మహబూబ్‌నగర్‌లోనే కాబట్టి బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు క్యాంపు ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేసి, మీ క్యాంపు నుంచి వెళ్లిన పిల్లల్లో సెలవులకు పోయే చోటు లేనివాళ్లు ఎవరో అడుగు. వార్డెన్‌తో, బాలల సంక్షేమ సమితితో ముందే మాట్లాడి వాళ్లు ఉండే చోటు చూడమని చెప్పు. ఆ సెలవుల్లో నీకూ కాలేజీ ఉండదు, వీలైతే అక్కడికి వెళ్లు.